ముఖాలకు ఎదురుగా కూర్చున్న మనిషి

ఆదివారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి మా ఇంట్లో గ్యాసు అయిపోయింది. సిలిండరు మార్చి చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. రవూఫ్. సెలవురోజు అంత పొద్దున్నే లేచే మనిషి కాదు.

"ఆంటీ పోయిందంటరా," అన్నాడు. "నిద్రలనేనట. వర్తూరు తీస్కపోయిన్రు, తమ్ముని ఇంటికి."

ఏ ఆంటీ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ ఆ మాటతో గుర్తొచ్చే మనిషి ఒక్కరే.

ఆవిడ మారతహళ్ళిలో మా ఇంటి ఓనరు. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళపాటు ఆవిడ మేడమీది వాటాలో నేను, రవూఫ్, శీను అద్దెకున్నాం. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఎక్కడ పుట్టారు, ఎవరికి పుట్టారు అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆవిడ విషయంలో అవి నాకు సరిగ్గా తెలియవు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. బడిపంతుళ్ళు కాబోయేవాళ్ళకు పాఠాలు చెప్పే ట్రైనింగ్ స్కూల్లో చాలాకాలం పనిచేశారని, చిన్నపిల్లల ఆటలు ఆవిడ సబ్జెక్టని మాత్రం తెలుసు. అదైనా ఆలస్యంగా తెలిసింది. మొదట తెలిసింది ఆవిడ తలుపు కొట్టే పద్ధతి.

తలుపు బార్లా తీసి ఉన్నా కొట్టేవారు. లోపలివాళ్ళు రమ్మనేదాకా గడప దాటేవారు కాదు. ఇల్లు తనదే అయినా సరే.

మొదటిసారి అలా కొట్టింది ఒక శనివారం మధ్యాహ్నం. మేం తుపాకుల ఆట ఆడుతున్నాం. ఒక్కొక్కరి ముందూ ఒక కంప్యూటరు, అన్నిటినీ కలుపుతూ నేలమీద వైర్లు. పాడుబడిన గిడ్డంగిలో తలో మూల నుంచి బయల్దేరి, ఒకరినొకరు వెతుక్కుని కాల్చుకోవాలి. చచ్చినవాడు కాసేపటికి ఇంకో మూల లేస్తాడు. నాలుగో ఆటగాడు ప్రకాశ్. శీను పనిచేసే ఆఫీసే. ముందు మాతోనే ఉండేవాడు, టీమ్ లీడ్ అయ్యాక వేరే ఇల్లు తీసుకున్నాడు. అయినా శనివారం రాగానే తన సీపీయూని స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చేసేవాడు. వాడి కోసం ఒక పాత మానిటరు మా దగ్గరే ఉంచాం.

"తలుపు ఎనకున్నడు, చంపురా! చంపు!" అని రవూఫ్ అరుస్తున్నాడు. అప్పుడు తలుపు చప్పుడైంది.

"ఎవుర్ని చంపతా ఉండారప్పా?" అన్నారు ఆంటీ గడప అవతల నిలబడి. "కింద నా తమ్ముడొచ్చి ఉండాడు. పోలీసోళ్ళకి ఫోన్ చేస్తానంటాడు."

రవూఫ్ లేచి నిలబడ్డాడు. "సారీ ఆంటీ. గేమ్ ఆంటీ. బంద్ చేస్తం."

"బంద్ చేసేదేల? చచ్చింది ఎవురో చెప్పండి."

"వీడే ఆంటీ," అన్నాడు శీను, రవూఫ్‌ని చూపించి. "పొద్దుటి నుంచీ చస్తానే ఉన్నాడు."

"నేనెప్పుడు సచ్చిన్రా, లాస్టుకు సచ్చింది నువ్వు!"

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. లోపలికి రావచ్చా అని అడిగి, వచ్చి కిటికీ పక్కనున్న మంచం మీద కూర్చున్నారు. ఆ మంచం మా మానిటర్ల వెనక ఉంది. అక్కడ కూర్చుంటే మా ముఖాలు తప్ప ఆట కనిపించదు. చోటు చూసుకోక అక్కడ కూర్చున్నారనుకున్నాను. మరుసటి శనివారం కూడా వచ్చి అక్కడే కూర్చున్నారు.

"ఆంటీ, ఇటొచ్చి కూసోండి. స్క్రీన్ మంచిగ కనబడ్తది," అన్నాడు రవూఫ్.

"స్క్రీనులో ఏముండాదప్పా? గోడలు, తుపాకీలు. ఆట జరిగేది మీ మొకాల్లో."

ట్రైనింగ్ స్కూల్లో ఆవిడ చెప్పే మొదటి పాఠం అదేనట. ఆడుకునే పిల్లను వెనక నుంచి చూడొద్దు. వెనక నుంచి చూస్తే చేతిలో ఉన్న అగ్గిపెట్టె కనిపిస్తుంది. ముందు నుంచి చూస్తే ఆ అగ్గిపెట్టె ఏమైందో కనిపిస్తుంది. లారీ అయిందా, ఊయల అయిందా, ఎవరిదైనా శవం అయిందా. దాన్నిబట్టి పిల్ల గురించి తెలుస్తుంది.

మా గురించి కూడా అలాగే తెలుసుకున్నారు. తెరవైపు ఒక్కసారీ తొంగిచూడకుండా ఎవరు గెలుస్తున్నారో చెప్పేవారు. గురి చూసేటప్పుడు శీను ఊపిరి బిగబడతాడని, ప్రకాశ్ దెబ్బ తినే ముందు గడ్డం పైకెత్తుతాడని, రవూఫ్ కాల్చాలని నిర్ణయించుకున్నాక నాలుక బయట పెడతాడని మాకు ఆవిడ చెప్తేనే తెలిసింది. నాతో, "నీకు గెలిచేదానికన్నా దాంకొనేది ఇష్టమప్పా," అన్నారు. అది నిజం. ఆ తర్వాత నేను దాక్కున్నప్పుడల్లా రవూఫ్ నా తెర వైపు కాకుండా నా ముఖం వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

ఆవిడ ముందు అనకూడని మాట ఒకటుండేది. టైంపాస్. ఏం చేస్తున్నారని ఎవరో పక్కింటివాళ్ళు అడిగితే నేను ఆ మాట అన్నాను. ఆవిడ విన్నారు. "టైము దానంతట అదే పోతాది. దాన్ని తోసే పని మీకేల?" అన్నారు. ముప్పైకి దగ్గరపడుతున్న మగవాళ్ళు బొమ్మ తుపాకులతో ఆడుకోవడం చూసి నవ్వనివాళ్ళు మాకు అప్పటికి తారసపడలేదు. ఇళ్ళ నుంచి ఫోన్లొస్తే మేం సినిమాకి వెళ్ళామని చెప్పుకునేవాళ్ళం. మా ఆటను అబద్ధంతో కప్పిపెట్టక్కర్లేదని మాకు చెప్పిన మొదటి పెద్దమనిషి ఆవిడ. చెప్పడం కూడా కాదు. వచ్చి ఎదురుగా కూర్చోవడమే చెప్పడం.

ఒకరోజు ఆటకీ ఆటకీ మధ్య టీ తాగుతుంటే పాఠం చెప్పారు. ఆటల్ని నాలుగు జాతులుగా విడదీసిన పెద్దలున్నారట. పోటీ ఒకటి, అదృష్టం ఒకటి, వేషం ఒకటి, తల తిరగడం ఒకటి. కబడ్డీ, గవ్వలాట, బొమ్మల పెళ్ళి, ఒప్పులకుప్ప. "మీది ఏ జాతప్పా?"

పోటీ అన్నాడు ప్రకాశ్. అదృష్టం అన్నాడు రవూఫ్, వాడు గెలిచినప్పుడు మాత్రం అలా అనేవాడు కాదు. వేషం అన్నాను నేను.

"నాకు ఆ గిడ్డంగి పొడుగు వరండాలో పరిగెత్తితే కళ్ళు తిరుగుతాయి ఆంటీ," అన్నాడు శీను.

ఆవిడ చాలాసేపు నవ్వారు. "నాలుగూ ఒకేదాంట్లో ఉండాయే! మా స్కూల్లో ఉంటే నీతోనే పాఠం చెప్పిస్తా ఉంటి." తర్వాత అడిగారు. "సరే, కబడ్డీకి గీత ఉండాది. గీత లోపల పట్టుకొంటే ఆట, బయట పట్టుకొంటే కొట్లాట. మీ ఆటకి గీత ఏది?"

ఆ ముందు వారమే ఆట మధ్యలో ప్రకాశ్‌కి ఆఫీసు ఫోనొస్తే, తుపాకీ దించకుండానే శీనుకి సోమవారం చేయాల్సిన పని పురమాయించాడు. సెలవురోజైనా ఇద్దరి మెడలోనూ ఆఫీసు ట్యాగులు వేలాడుతున్నాయి. పొద్దున్న ఒకసారి ఆఫీసుకి వెళ్ళొచ్చినవాళ్ళు, తియ్యాలని తోచలేదు.

గోడకు మేకు కొట్టకూడదన్నది ఆవిడ అద్దె షరతుల్లో మొదటిది. తర్వాతి శనివారం ఆవిడే సుత్తి పట్టుకుని పైకొచ్చి, మా తలుపు బయట గోడకు మేకు కొట్టారు. "చెప్పులతో పాటు అవీ ఈడనే విడిసి పోండి," అన్నారు. ఆ రోజు నుంచి ట్యాగులన్నీ ఆ మేకుకే. లీడ్ ట్యాగు, లీడ్ కింద పనిచేసేవాడి ట్యాగు ఒకదానిమీద ఒకటి. వెళ్ళేటప్పుడు ఒకరిది ఒకరు మెడలో వేసుకుని పోవడం కూడా జరిగింది.

తర్వాత ఆవిడే ఆడతానన్నారు. పాతికేళ్ళు ఆట గురించి చెప్పి ఆడడం మర్చిపోయానన్నారు. చాలా అధ్వానంగా ఆడేవారు. మౌస్ ఎత్తి పట్టుకోవడం వల్ల ఆవిడ సైనికుడు ఎప్పుడూ కప్పు వైపు చూస్తూ నడిచేవాడు. గోడకు గుద్దుకుని అక్కడే పరిగెత్తేవాడు.

"ఆంటీని అరటిపండు పెడ్దాం రా," అన్నాడు రవూఫ్. చిన్నపిల్లల్ని ఆటలో చేర్చుకుని, అవుటైనా లెక్కపెట్టకుండా వదిలేయడం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే.

ఆవిడకు కోపమొచ్చింది. నేను చూసిన రెండు మూడు కోపాల్లో అదొకటి. "నన్ను అరటిపండు చేయొద్దప్పా. నేను చచ్చేదానికే వచ్చినాను."

చచ్చారు. చచ్చినప్పుడల్లా తెర మీంచి కళ్ళెత్తి, "ఎవురు?" అని అడిగి, చంపినవాడి వైపు తిరిగి, "ఎట్ల చేసినావు?" అనేవారు. నిజంగా తెలుసుకోవాలని అడిగేవారు. చెప్తే శ్రద్ధగా వినేవారు. బాగా ఆడావని ఎవరినీ మెచ్చుకోలేదు. "బాగా ఆడనిచ్చినావప్పా," అనేవారు. నాకు చాలాకాలం ఆ తేడా అర్థం కాలేదు.

ఆటలో ఆవిడ పేరు ఓనర్. శీనే పెట్టాడు. ఒకరోజు ఆవిడ గోడకేసి పరిగెడుతూ చేతికందిన మీట నొక్కితే, అటుగా వచ్చిన శీను కూలిపోయాడు. ఓనర్ శీనును చంపెను అని అందరి తెరల మీదా పడింది.

"ఇల్లు ఖాళీ చేయించేటందుకు గిదొక పద్ధతా ఆంటీ!" అన్నాడు రవూఫ్.

ఆవిడ మెట్లు దిగి కింద తమ్ముడికి చెప్పి మళ్ళీ పైకొచ్చారు.

శీను మాలో అందరికన్నా మంచి ఆటగాడు. ప్రకాశ్ వాడి మీద ఒక్కసారి కూడా గెలిచింది లేదు. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆ ఏడు అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయి. ఇక్కడ ప్రాజెక్టులు ఆగిపోయి, పని లేనివాళ్ళను ఆఫీసులో ఊరికే కూర్చోబెట్టారు. దాన్ని బెంచ్ అనేవాళ్ళు. బెంచ్ మీద ఉన్నవాళ్ళలో కొందరిని తీసేస్తారని, పేర్లు ఇవ్వాల్సింది టీమ్ లీడ్‌లేనని అందరికీ తెలుసు. శీను బెంచ్ మీద ఉన్నాడు. ఉద్యోగం కోసం రెండేళ్ళు తిరిగి దొరికించుకున్న మొదటి ఉద్యోగం అది. పోతే ఒంగోలు వెళ్ళి మేనమామ ఎరువుల కొట్లో కూర్చోవాలి. "ఆ కొట్టు వాసన తలుచుకుంటేనే నాకు జొరం వచ్చుద్దిరా," అనేవాడు. పైకి నవ్వుతూనే అనేవాడు గాని ఆ రోజుల్లో అన్నం సరిగా తినేవాడు కాదు.

ఒక శనివారం ప్రకాశ్ గెలిచాడు. మళ్ళీ గెలిచాడు. రవూఫ్ కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. ఆంటీ తన మంచం మీద కూర్చుని అనపగింజలు పితుకుతున్నారు. నానిన గింజను బొటనవేలితో నొక్కితే పప్పు పళ్ళెంలోకి ఎగిరి పడేది. ప్రకాశ్ మూడోసారి గెలిచేసరికి ఆ చప్పుడు ఆగింది.

"స్వల్ప నిలపండప్పా."

అందరం చేతులు తీశాం.

"శీనప్పా, నువ్వు ఆడతా ఉండావా, నౌకరీ చేస్తా ఉండావా?"

శీను ముఖం ఎర్రబడింది. "ఏంటి ఆంటీ? ఓడిపోవడం కూడా తప్పేనా?"

"ఓడేది తప్పు కాదు. ఇంతసేపట్లో నువ్వు ఒక్క తూరి ఊపిరి పట్టలేదు. నీ మొకంలో బయం ఉండాది గాని, అది ఆట బయం కాదు." పళ్ళెం పక్కన పెట్టారు. "దొంగాట ఆడేవానికి కూడా ఆటంటే నమ్మకం ఉంటాదప్పా. గెలుపు కావాలని కదా దొంగతనం చేసేది? కావాలని ఓడేవానికి అదీ లేదు. ఇది ఆట కాదు, మర్యాద. మర్యాద చేసేదుంటే ఆఫీసులో చేయి."

"దొంగాట గురించి పుస్తకాల్లో ఉంది గదా ఆంటీ. దీని గురించి లేదా?" అన్నాను నేను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"లేదు. ఆ రాసినాయప్పకి మేనేజరు ఉండడేమో."

ఎవరమూ నవ్వలేదు. ఆవిడ ప్రకాశ్ వైపు తిరిగారు. "నీకు తెలుసునా ప్రకాశప్పా?"

"తెలుసు ఆంటీ."

"తెల్సీ గెలుస్తా ఉండావే?"

శీను కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, "మొదట్నుంచి పెట్టు," అన్నాడు. ఆ ఆట నాకిప్పటికీ గుర్తుంది. శీను ఎక్కడ నుంచి వస్తాడో ఎవరికీ తెలిసేది కాదు. ప్రకాశ్ తల ఎత్తితే చాలు పడిపోయేవాడు. ఆటల్లో దయ లేకపోవడం ఎంత గౌరవమో నేనప్పుడు చూశాను. లీడ్ ముందు, ఉద్యోగం ఊగిసలాడుతున్న రోజుల్లో, వాడు ఒక్క గుండు కూడా మినహాయించలేదు. స్నేహితుణ్ణి చూసి అంత గర్వపడిన రోజు నాకు మరొకటి లేదు. ఆంటీ మళ్ళీ గింజలు పితకడం మొదలుపెట్టారు.

బుధవారం శీను మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. ట్యాగు ఆఫీసులో తీసేసుకున్నారన్నాడు.

రవూఫ్ ఆగలేకపోయాడు. ఆంటీ కింద నీళ్ళు పడుతుంటే వెళ్ళి అనేశాడు. "ఆంటీ, మీరు ఆ దినం ఊకుంటే వాని నౌకరీ ఉండునేమో."

ఆవిడ కొళాయి కట్టేశారు. తనను తాను సమర్థించుకుంటారనుకున్నాను. "ఉండచ్చప్పా," అన్నారు. "నాకు తెలీదు." బిందె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ శనివారం పైకి రాలేదు. ప్రకాశ్ కూడా రాలేదు. శీను తన కంప్యూటరు మీద దుప్పటి కప్పి, సూట్‌కేసు మంచం కిందనుంచి లాగి, అందులో ఏమీ పెట్టకుండా దాని ముందు కూర్చున్నాడు. ఉద్యోగం ఒక్కటే పోయి ఉంటే వాడు తట్టుకునేవాడు. పేరు ఇచ్చింది ప్రకాశ్. అది వాడు తట్టుకోలేకపోయాడు.

కొన్ని రోజులకు ప్రకాశ్ వచ్చాడు. మెట్లెక్కలేదు. సాయంత్రం నేను కింద పెరట్లో బట్టలు తీస్తున్నాను. వాడు ఆంటీ గుమ్మం మెట్టు మీద కూర్చుని చెప్తుంటే వినిపించింది. నేనున్నానని వాడికి తెలుసు. నేను కూడా వినాలనే చెప్పాడేమో.

"ఆ రోజు ఆడింది శనివారం కదండీ. నేను పేరు ఇచ్చేసింది గురువారం."

"అంటే వాడు నీకోసరం ఓడతా ఉంటే, ఇంక ఉపయోగం లేదని నీకు తెలుసు."

"తెలుసండీ."

"అయినా గెలుస్తా కూచున్నావు."

ప్రకాశ్ మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. "మీరు ఒక్కమాట వాడితో చెప్పండి ఆంటీ. మీ మాట వింటాడు."

"నేను చెప్తే పంచాయతీ అయితాది. వద్దు." ఆవిడ గొంతు పాఠం చెప్పే గొంతులాగా లేదు. అప్పుడే ఆలోచిస్తూ మాట్లాడుతున్నట్టు ఉంది. "పిల్లోళ్ళు ఏం చేస్తారో చూసినావా? కొట్లాడుకొంటారు, మొకం తిప్పుకొంటారు. ఆమీద ఒగడు పోయి ఇంకొగని ఇంటి ముందర నిలబడి, 'ఆడేదానికి వస్తావా' అంటాడు. తప్పయిందని అడగడు. పిలుస్తాడు, అంతే. లోపలోడు వస్తే వస్తాడు, లేకుంటే లేదు. నేను ఇన్నేండ్లు చదివిన పుస్తకాల్లో ఆట ఎట్ల ఆడేది రాసినారప్పా. ఎట్ల పిలిచేది ఎవురూ రాయలేదు."

"ఈ వయసులో రోడ్డు మీద నిలబడి అరవాలా ఆంటీ?"

"సిగ్గయితాదా?"

"అవదా మరి!"

"అయితే సరిగ్గానే పిలుస్తావు పో."

ఆ శనివారం మధ్యాహ్నం కింద స్కూటరు ఆగింది. కాళ్ళ మధ్య సీపీయూ అలాగే ఉంది. "శీనూ! ఆడతావా?" అన్నాడు ప్రకాశ్. మళ్ళీ అన్నాడు. ఎదురింటి బాల్కనీలోకి ఎవరో వచ్చి చూశారు. ఇస్త్రీ బండి దగ్గర మనిషి పెట్టె పక్కన పెట్టి చూశాడు. శీను గోడవైపు తిరిగి పడుకున్నాడు. రవూఫ్ లేవబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. ప్రకాశ్ కొంతసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం మళ్ళీ వచ్చాడు. ఆంటీ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నారు. వాడికి వీపు పెట్టి, మా బాల్కనీకి ఎదురుగా. "శీనూ, ఆడతావా?"

శీను లేచాడు. బాల్కనీలోకి వెళ్ళాడు.

"నా పేరు ఇచ్చింది నువ్వేగా?"

"నేనే."

"ఆ రోజు ఆటకొచ్చేటప్పటికే ఇచ్చేసినావా?"

ఈ సంగతి వాడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పక్కర్లేదేమో కూడా.

"ఇచ్చేశాన్రా."

వీధిలో ఒక ఆటో వెళ్ళింది. ఆంటీ పైకి చూస్తూనే ఉన్నారు. నేను శీను వెనక ఉన్నాను కాబట్టి నాకు వాడి వీపే కనిపించింది. ఆవిడకు ముఖం కనిపించింది. వాడు నోరు తెరవకముందే ఆవిడ లేచి కుర్చీ మడతపెట్టారు.

"పైకి రా," అన్నాడు శీను. "నిన్ను ఈసారి గోడకి అంటించకపోతే అడుగు."

ఆ రోజు ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. రవూఫ్ దుప్పటి తీసి దులిపాడు. శీను అన్నంత పనీ చేశాడు. చివర్లో ఒక ఆట మాత్రం ప్రకాశ్ గెలిచాడు. నిజంగా గెలిచాడు. శీను ఊపిరి బిగబట్టి ఉండగానే వాడి వెనక నుంచి వచ్చి కొట్టాడు. శీను కుర్చీ తన్నేసి లేచి, "ఎట్టా వచ్చినావురా అట్నుంచి!" అని అరిచాడు. తుపాకీ సంగతి తప్ప ఇంకేదీ అప్పుడు వాడికి గుర్తులేదు. ఆంటీ కింద పాలు పొంగుతున్నాయని ముందే వెళ్ళిపోయారు. ఆ గెలుపు ఆవిడ చూడలేదు. మేం అరిచిన అరుపు వినే ఉంటారు.

శీనుకి కొన్ని నెలల తర్వాత బొమ్మనహళ్ళి దాటాక ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఎరువుల కొట్టు తప్పింది. అందులో ప్రకాశ్ ప్రమేయం ఏమీ లేదు, ఉన్నా శీను ఒప్పుకునేవాడు కాదు. పెళ్ళిళ్ళయ్యాయి. ఒక్కొక్కరం ఆ వాటా ఖాళీ చేశాం. కొత్తగా చేరినవాళ్ళు ఆడతారా అని ఒకసారి ఆంటీని అడిగాను. "ఏమో అప్పా, తలుపు ఏసుకొని ఉంటారు," అన్నారు.

వర్తూరులో మేం నలుగురం కలిశాం. శీను, ప్రకాశ్ ఒకే కారులో వచ్చారు. ఇంటి ముందు షామియానా కింద ఆవిడ తమ్ముడు మా వైపు వచ్చారు. తలల్లో అక్కడక్కడ తెలుపొచ్చిన నలుగురం వరసగా నిలబడ్డాం. మమ్మల్ని గుర్తుపట్టలేదు.

"మీరు ఆఫీసోళ్ళా? అక్క స్టూడెంట్లా?"

అద్దెకుండేవాళ్ళమని నేను చెప్పబోయాను. రవూఫ్ ముందే అన్నాడు.

"ఆంటీతోని ఆడుకునేటోళ్ళం."

ఆయన మా ముఖాలు ఒక్కొక్కటీ చూశారు. "చెప్తా ఉండె," అన్నారు. మమ్మల్ని బంధువులు కూర్చున్న వైపు తీసుకెళ్ళి కూర్చోబెట్టారు.

ఆవిడ నాకు క్లాసులో పాఠం చెప్పలేదు. నేను ఆవిడ విద్యార్థిని అనుకోవడం అతి అవుతుంది. మేం ఆవిడ చేతిలో చచ్చాం, ఆవిడ మా చేతుల్లో చచ్చారు. నా గురించి ఎవరికైనా గొప్పగా చెప్పుకోవాలంటే ఇది చెప్పుకుంటాను.

మేం ఇప్పటికీ ఆడతాం. ఎవరింట్లో వాళ్ళం, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వీలైనప్పుడు. తలుపులు వేసుకునే ఆడతాం. మీట నొక్కితే ఆడేందుకు మనిషిని యంత్రమే వెతికి తెస్తుంది. ఆ మనిషి ఏ ఊళ్ళో ఉంటాడో, అతని ముఖం ఎలా ఉంటుందో తెలియదు. ఆడతావా అని ఇప్పుడు మాలో ఎవరమూ ఎవరి ఇంటి ముందూ నిలబడి పిలవడం లేదు.